ఒక్క గుప్పెడుతో కృష్ణ లెక్క తేల్చకండి

ఎన్టీఆర్, పల్నాడు, గుంటూరు, కృష్ణా, బాపట్ల జిల్లాల కలెక్టర్లకు, రాష్ట్ర గనులు–భూగర్భ శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ



కృష్ణలో ఇసుక ఎక్కడ తవ్వవచ్చు, ఎంత తవ్వవచ్చు అన్నది తేల్చే జిల్లా సర్వే నివేదికలు మీ చేతుల మీదుగానే వెలువడతాయి. కేంద్ర పర్యావరణ శాఖ 2016 జనవరిలో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఆ నివేదిక ముసాయిదాను కలెక్టరేట్‌లోనూ జిల్లా వెబ్‌సైటులోనూ 21 రోజులపాటు జనం ముందు ఉంచాలి, జనం చెప్పేది వినాలి. ఆ హక్కుతోనే ఈ లేఖ రాస్తున్నాను. ఫలానా ర్యాంపు మూసేయమనో, ఫలానా చోట లారీలు ఆపమనో అడగడానికి కాదు. ఆ పోరాటం చేస్తున్నవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళంటే నాకు గౌరవం. మట్టినీ ఇసుకనీ కంకరనీ జల్లెడ పట్టి తూకం వేసే ప్రయోగశాలల్లో నా ఉద్యోగ జీవితం గడిచింది. నేను అడిగేది ఆ పనికి సంబంధించిన సంగతి: నదీగర్భంలో రేణువుల సైజు ఇంత అని రాసేటప్పుడు, ఆ కొలతలో తప్పు ఎంత ఉండవచ్చో కూడా పక్కనే రాయండి.

వరద ఏటా ఎంత ఇసుక తెచ్చి పోస్తుందో లెక్కగట్టే అధ్యయనాన్ని మీ కార్యాలయాల్లో రీప్లెనిష్‌మెంట్ స్టడీ అంటున్నారు. తిరిగి చేరినంత మేరకే తవ్వాలన్నది 2016, 2020 మార్గదర్శకాల సారం. అలాంటి అధ్యయనాల్లో డి-50 అని ఒక అంకె వస్తుంది. ఇసుక బరువులో సగం అంతకన్నా సన్నం, సగం అంతకన్నా ముతక అని దాని అర్థం. 0.5 మిల్లీమీటర్లు అనుకుందాం. మన దేశంలో ఈ అంకె సాధారణంగా ఒంటరిగానే అచ్చవుతుంది. ఆ ఇసుకను ఎవరు తీశారు, నదిలో ఏ చోట, ఎంత లోతున, ఏ నెలలో, ఎన్ని కిలోలు, మళ్ళీ తీస్తే అదే అంకె వస్తుందా అన్నవేవీ దాని వెంట ఉండవు. అలా ఒంటరిగా వచ్చిన అంకె తిన్నగా సూత్రంలోకి వెళుతుంది. సూత్రం నుంచి ఇన్ని లక్షల టన్నులు అని ఇంకో అంకె బయటికొస్తుంది.

ఆ దారిలో చిన్న తప్పు ఎంత పెద్దదవుతుందో చూడండి. ఎంగెలుండ్, హాన్సెన్ అనే డెన్మార్క్ పరిశోధకులు 1967లో ఇచ్చిన సూత్రాన్ని ఇసుక నదులకు ప్రపంచమంతటా వాడతారు. అందులో ప్రవాహం మోసుకొచ్చే ఇసుక పరిమాణం రేణువు సైజుకు విలోమానుపాతంలో ఉంటుంది. వేగాన్నీ అడుగు గరుకుదనాన్నీ మార్చకుండా పట్టుకుంటే, నిజంగా 0.5 మి.మీ. ఉన్న ఇసుకను 0.4 అని కొలిస్తే చాలు, నది తెచ్చే ఇసుక కాగితం మీద 25 శాతం పెరిగిపోతుంది. 0.25 అని కొలిస్తే రెట్టింపవుతుంది. నదిలో మాత్రం తట్టెడు ఇసుక కూడా పెరగదు. అయినా ఆ పెరిగిన లెక్కకు అనుమతులు వస్తాయి, ఆ అనుమతి మీద యంత్రాలు దిగుతాయి.

ఇదే అంకె ఇంకోచోట ఇంకో పని చేస్తుంది. వంతెన స్తంభం చుట్టూ వరద ఎంత లోతు తొలుస్తుందో కట్టడానికి ముందే లెక్కవేయాలి. దానికి మన ఇంజనీర్లు ఇప్పటికీ జెరాల్డ్ లేసీ 1930లో కాలువలను చూసి చెప్పిన సిల్ట్ ఫ్యాక్టర్‌నే వాడుతున్నారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమావళిలోనూ అదే ఉంది. రేణువు సగటు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.76తో హెచ్చిస్తే ఆ ఫ్యాక్టర్ వస్తుంది. కోత లోతు దాని ఘనమూలానికి విలోమంగా ఉంటుంది. అంటే రేణువును పొరపాటున రెట్టింపు ముతకగా కొలిస్తే కోత లోతు సుమారు 11 శాతం తక్కువగా తేలుతుంది. 20 మీటర్లు దిగాల్సిన చోట 18 మీటర్లలోపే సరిపోతుందని లెక్క చెబుతుంది. కనకదుర్గ వారధి మీదుగా రోజూ వెళ్ళేవాళ్ళకూ, పులిగడ్డ–పెనుమూడి వారధి దాటి దివిసీమకూ రేపల్లెకూ రాకపోకలు సాగించేవాళ్ళకూ ఈ రెండు మీటర్లు ఎంత ముఖ్యమో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషం ఆలోచించండి. కొలతలో అనుమానం ఉన్నప్పుడు ఇసుక తవ్వకానికి క్షేమమైన వైపు ముతక వైపు. రేణువు ముతక అనుకుంటే నది తెచ్చే ఇసుక తక్కువని తేలుతుంది, తక్కువే తవ్వుతాం. వంతెనకు క్షేమమైన వైపు సన్న వైపు. రేణువు సన్నం అనుకుంటే కోత ఎక్కువని తేలుతుంది, పునాది లోతుగా దించుతాం. ఒకే నది, ఒకే ఇసుక, క్షేమం మాత్రం రెండు వ్యతిరేక దిక్కుల్లో ఉంది. 0.5 అని ఒక్క అంకె అచ్చేస్తే ఈ ఎంపికకు చోటే ఉండదు. 0.35 నుంచి 0.7 దాకా అని రాస్తే, గనుల శాఖ ఒక కొస పట్టుకుంటుంది, రోడ్లు–భవనాల శాఖ ఇంకో కొస పట్టుకుంటుంది, రెండూ సరైనవే అవుతాయి. నా లేఖలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. మిగతాదంతా ఆ తేడా ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎలా పట్టుకోవచ్చో చెప్పడానికే.

మన విజయవాడకు ఈ విషయం కొత్తది కాదు. 1852–55లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టినప్పుడూ, 1952లో అది తెగిన తర్వాత 1954 నుంచి 1957 దాకా ప్రకాశం బ్యారేజీ కట్టినప్పుడూ పునాది కింద ఉన్నది ఇసుకే. ఇసుక మీద కట్టే ఆనకట్ట అడుగునుంచి నీరు ఊరుతుంది. ఆ ఊటకు దారి ఎంత పొడవుంటే కట్టడం నిలుస్తుందో బ్లై అనే ఇంజనీరు 20వ శతాబ్దం తొలి ఏళ్ళలోనే చెప్పాడు. ముతక ఇసుకైతే నీటిమట్టాల తేడాకు 12 రెట్లు, సన్నటి ఇసుకైతే 15 రెట్లు. 5 మీటర్ల తేడాకు మొదటిది 60 మీటర్లు, రెండోది 75. అప్పటి ఇంజనీర్లకు రేణువు సైజు ఉబుసుపోక కొలిచే అంకె కాదు, కట్టడం బతుకు.

ఇప్పుడు అసలు చిక్కు సంగతి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మన ఇళ్ళలో అంటారు. ఎసట్లో గింజలన్నీ ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద కలిసి తిరిగాయి కాబట్టి అక్కడ అది నిజం. నది రేణువుల్ని అలా కలిపిపెట్టదు, ఏరి వేరుచేస్తుంది. వేగం ఉన్నచోట ముతకవి వదులుతుంది, వేగం తగ్గినచోట సన్నవి దించుతుంది. తిప్ప తల దగ్గర ముతక, తోక దగ్గర సన్నం. పాయ నడిమి లోతులో ఒక రకం, వంపు లోపలి ఒడ్డున ఇంకో రకం. ఒకే తిప్ప మీద తలదగ్గరి ఇసుక తోకదగ్గరి ఇసుక కన్నా రెట్టింపు ముతకగా ఉండటం ఇసుక నదుల్లో వింతేమీ కాదు. యనమలకుదురు నుంచి తోట్లవల్లూరు మీదుగా పులిగడ్డ దాకా ఎండాకాలంలో నడిచి చూసిన ఏ లంక రైతుకైనా ఇది తెలుసు. పొయ్యి కట్టుకోవడానికి ఎక్కడి ఇసుక, పశువుల పాకలో చల్లడానికి ఎక్కడి ఇసుక అంటే చేత్తో చూపించగలడు.

నిలువుగా కూడా ఇదే తంతు. వరద తీసేటప్పుడు మేట మీద సన్నటి ఒండ్రు పొర ఒకటి పరుచుకుంటుంది. ఎండకు అది పెచ్చులు కట్టి లేస్తుంది. దాని మీద గాలి జల్లెడ పట్టిన పొడి ఇసుక చేరుతుంది. ఇంకొన్నిచోట్ల గాలీ నీరూ సన్నదాన్ని ఎత్తుకుపోగా పైన ముతకదే మిగులుతుంది, కిందికి తవ్వితే సన్నం వస్తుంది. దక్కను రాళ్ళ నుంచి వచ్చిన నల్ల ఇసుక చారలు మరో చిక్కు. ఆ రేణువులు చిన్నవే గాని బరువెక్కువ. మనం తూకంతో లెక్కగడతాం కాబట్టి ఒక నల్లచార గుప్పెట్లో పడితే లెక్క దాని వైపు ఒరుగుతుంది. ఇంత తేడా ఉన్నచోట, జీపు వెళ్ళే దారి ఎక్కడుందో అక్కడ ఆగి, మే నెలలో, పైపొర నుంచి ఒక ప్లాస్టిక్ సంచిలోకి ఎత్తుకొచ్చిన ఇసుక నదికి ప్రతినిధి కాదు. అది ఆ జీపు దారికి ప్రతినిధి.

నీళ్ళున్నచోట తీస్తే తప్పు మరో వైపు పోతుంది. బ్యారేజీ ఎగువన, భవానీ ద్వీపం చుట్టుపక్కల, పడవ మీంచి బకెట్టో గ్రాబో దించి పైకి లాగితే, పైకి వచ్చేలోపు సన్నటి రేణువులు నీటితో జారిపోతాయి. చేతికందేది నిజంకన్నా ముతకగా కనిపిస్తుంది. ఒండ్రు పరిచిన పొడి మేట పైపొర సన్నంగా చూపిస్తే, నీటి అడుగు ముతకగా చూపిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎక్కువసార్లు కొలిచి సగటు కడితే పోయే తప్పు ఒకటి ఉంటుంది. ఎన్నిసార్లు కొలిచినా అదే దిక్కుకు లాగే తప్పు ఇంకొకటి. మొదటిదానికి ఓపిక చాలు. రెండోదానికి పద్ధతి మార్చాల్సిందే. సంచులు రెట్టింపు చేయించి సరిపెట్టే ప్రతిసారీ ఈ రెండో రకం తప్పు లోపలే ఉండిపోతుంది.

ఇసుక సంచి విషయంలో ఒక మేలు ఉంది. రేణువులు చిన్నవి కాబట్టి కొద్ది వందల గ్రాముల్లోనే లక్షలాది రేణువులు ఉంటాయి. ఆ సంచి వరకూ ప్రయోగశాల ఇచ్చే అంకె గట్టిదే. అనుమానమంతా ఆ సంచిని ఏ చోట నింపారన్నదానిలోనే ఉంది. గులకరాళ్ళున్నచోట అలా కాదు, సంచే చాలదు.

పులిచింతల ప్రాజెక్టు దిగువన, ముక్త్యాల వైపు రాతినేల మీద గులకరాళ్ళు పరుచుకున్న మేటలు ఉంటాయి. అక్కడ ముతక, సన్నం కలగలిసి ఉంటాయి. 32 మిల్లీమీటర్ల గుండ్రటి రాయి ఒకటి దాదాపు 45 గ్రాములు తూగుతుంది. కిలో సంచిలో అలాంటి రాయి ఒక్కటి పడితే అదే నాలుగున్నర శాతం. పడకపోతే సున్నా. అంటే ఒక్క రాయి లోపల పడిందా, బయట పడిందా అన్నదాన్నిబట్టి మొత్తం లెక్క మారిపోతుంది. అందుకే కెనడా శాస్త్రవేత్త మైకేల్ చర్చ్, ఆయన సహచరులు 1987లో ఒక నియమం పెట్టారు. నమూనాలో అన్నిటికన్నా పెద్ద రాయి బరువు మొత్తం బరువులో వెయ్యో వంతు మించకూడదు. 32 మిల్లీమీటర్ల రాయికి ఆ లెక్కన 45 కిలోలు తీయాలి. 64 మిల్లీమీటర్ల రాయి ఒక్కటే 360 గ్రాముల పైచిలుకు కాబట్టి 360 కిలోలు దాటుతుంది. అంత మోయలేమని పెద్ద రాళ్ళకు నూరో వంతు దాకా సడలించారు. అయినా 36 కిలోలు. గులక మేట నుంచి ఐదు కిలోల సంచితో వచ్చిన నివేదికను ఏ అధికారి సంతకం కోసం బల్ల మీద పెట్టినా, ముందు ఆ సంచి బరువు అడగమని మనవి.

మోయడం కష్టమని రాళ్ళను అక్కడికక్కడే లెక్కపెట్టే పద్ధతిని గోర్డన్ వుల్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1954లో చెప్పాడు. మన బ్యారేజీ పని మొదలైన ఏడాదే అది. గులక మేట మీద అడుగులు వేస్తూ, ప్రతి అడుగు దగ్గరా చూపు తిప్పుకుని కాలి బొటనవేలి కొస దగ్గర చేతికి తగిలిన మొదటి రాయిని ఎత్తి, దాని నడిమి కొలత తీయాలి. పొడవూ కాదు, మందమూ కాదు, ఆ రెంటి మధ్యది. వంద రాళ్ళు కొలిస్తే సైజుల పట్టిక సిద్ధం. ఖర్చు లేదు, యంత్రం లేదు. ప్రపంచమంతా వాడుతున్నారు. మనమూ వాడదగ్గదే.

కాని వేలికి పక్షపాతం ఉంది. చిన్న రాళ్ళ మధ్యకు దిగిన వేలు పక్కనున్న పెద్ద రాయికే తగులుతుంది. రెండు మిల్లీమీటర్ల రేణువు వేలికి దొరకదు, దొరికినా వదిలేసి పక్కది ఎత్తబుద్ధవుతుంది. మట్టిలో సగం కూరుకుపోయిన బండరాయిని పెకలించలేక వదిలేస్తారు. అడుగులు దగ్గరదగ్గరగా వేస్తే ఒకే పెద్ద రాయి రెండుసార్లు లెక్కకొస్తుంది. అందుకే అక్కడి అతిపెద్ద రాయికి రెండు రెట్లయినా ఎడం ఉండాలంటారు. ఒకే మేట మీద ఇద్దరు మనుషులు లెక్కపెడితే ఇద్దరికీ వేర్వేరు ఫలితాలు వస్తాయని బ్రిటన్, అమెరికా పరిశోధకులు 1980లు, 90లలోనే కొలిచి చూపించారు. మనిషి నిజాయితీకీ దీనికీ సంబంధం లేదు. ఇది చేతి అలవాటు.

మనుషులంతా ఒకే తీరుగా లెక్కపెట్టినా వంద రాళ్ళు చాలవు. సగం అటూ సగం ఇటూ విడదీసే లెక్కలో వంద రాళ్ళతో వచ్చే అనిశ్చితి, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, పది శాతం పాయింట్లు. అంటే నిజమైన డి-50 మన పట్టికలో 40వ రాయి దగ్గర నుంచి 60వ రాయి దాకా ఎక్కడైనా ఉండవచ్చు. దాన్ని సగానికి తగ్గించాలంటే రెండు వందలు చాలవు, నాలుగు వందలు కొలవాలి. పెద్ద రాళ్ళ కొసన పరిస్థితి ఇంకా కష్టం. నూటికి 84 రాళ్ళు అంతకన్నా చిన్నవని చెప్పే డి-84 అనే అంకెకు వంద రాళ్ళతో 77వ రాయి నుంచి 91వ రాయి దాకా అనుమానం ఉంటుంది. ఆ కొసన రాళ్ళ సైజులు దూరదూరంగా ఉంటాయి కాబట్టి మిల్లీమీటర్లలోకి మార్చగానే తేడా బాగా పెరుగుతుంది. వరదలో అడుగు కదలకుండా కాచేవి ఆ పెద్ద రాళ్ళే. ఎక్కువ ఖచ్చితంగా తెలియాల్సిన చోటే తక్కువ తెలుస్తోందన్నమాట.

ఈ మధ్య డ్రోన్ ఫొటోలతో సైజు కొలవడం వచ్చింది. మనిషి కాలు పెట్టలేని చోట అది వరం. అయితే కెమెరాకు కనిపించేది పైనుంచి కనిపించే ముఖమే. పక్క రాయి కింద దాగినదీ, ఇసుకలో కూరుకున్నదీ కనపడదు కాబట్టి రాయి నిజంకన్నా చిన్నగా తేలుతుంది. ఒక రాయి నీడ మరో రాయిని రెండుగా విడదీసి చూపించగలదు. నేల మీద చేత్తో కొలిచిన కొన్ని చోట్లతో సరిచూడకుండా ఫొటో లెక్కను ఒప్పుకోకండి.

ఈ గులక మేటల గురించి మాట్లాడుతుంటే కొల్లూరు గుర్తుకు రాక మానదు. వేమూరు దగ్గరి కొల్లూరు కాదు, ఇప్పుడు పులిచింతల నీటి కింద ఉన్న పల్నాటి కొల్లూరు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చి చూసిన వజ్రాల గనులు అక్కడివే. కృష్ణ ఒడ్డు గులకను తవ్వి, కడిగి, ఆరబోసి, వేలాదిమంది కళ్ళతో ఏరేవారు. ఆ ఏరుడులో వెతికేది మెరుపును. మిగిలిన గులక ఎంత, ఏ సైజు అన్నది ఎవరికీ పట్టలేదు. మూడు వందల యాభై ఏళ్ళ తర్వాత మనకు కావలసింది ఆ మిగిలినదాని లెక్క.

ప్రయోగశాల లోపలి తప్పులు చిన్నవే గాని ఉన్నాయి. రేగడి నేలల మీదుగా వచ్చే నది కాబట్టి బంకమట్టి రేణువుల్ని అంటిపెట్టుకుని ఉండలు కడుతుంది. కడగకుండా పొడిగా జల్లెడ పడితే ఆ ఉండ ముతక రేణువుగా లెక్కలోకి వస్తుంది. జల్లెడలో ఎక్కువ పోస్తే కన్నాలు మూసుకుపోయి ముతక చూపిస్తుంది. వాడి వాడి వల సాగిన జల్లెడ సన్నం చూపిస్తుంది. చదరపు కన్నం కాబట్టి పలచటి రాయి మూలవాటంగా జారిపోతుంది. చేత్తో కొలిచిన 40 మిల్లీమీటర్లూ జల్లెడ చెప్పిన 40 మిల్లీమీటర్లూ ఒకటి కావు. ఇంకో మాట. భూగర్భ శాస్త్రవేత్త 2 మిల్లీమీటర్లు దాటితే గులక అంటాడు. మన భారతీయ ప్రమాణాల ప్రకారం సివిల్ ఇంజనీరుకు 4.75 మిల్లీమీటర్ల దాకా ఇసుకే. నివేదికలో "గులక 12 శాతం" అని ఉంటే ఏ గీత దగ్గర కొలిచారో చెప్పకపోతే ఆ మాటకు విలువ లేదు.

కాలం సంగతి మీకు గుర్తు చేయాలి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వెళ్ళింది. 2024 సెప్టెంబరు 2న అంతకు మించి 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్ళాయి. బుడమేరు వాగు నీళ్ళు విజయవాడ ఇళ్ళను ముంచిన రోజులు అవే కాబట్టి ఊరి కళ్ళన్నీ అటే ఉన్నాయి, అది సహజం. ఆ రోజుల్లోనే నది తన అడుగునంతా తిరగేసి సర్దుకుంది. తిప్పలు చోటు మారాయి, పాయలు దిశ మార్చాయి. అంతకు ముందు తీసిన నమూనా ఏదైనా ఇప్పుడున్న నదిది కాదు. ఏ నివేదికలోనైనా 2024 సెప్టెంబరుకు ముందటి రేణువు సైజు ఇంకా వాడుతూ ఉంటే దాన్ని పక్కన పెట్టి కొత్తగా కొలిపించండి.

వరదకు ముందూ తర్వాతా మట్టాలు తీసి, తేడాను బట్టి చేరిన ఇసుక కట్టే పద్ధతి కూడా మార్గదర్శకాల్లో ఉంది. అది మంచిదే, సూత్రం కన్నా నమ్మదగ్గది. కాని అందులోనూ తప్పు ఎంత అన్నది రాయాలి. ఒక హెక్టారు మేట మీద మట్టం 10 సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే వెయ్యి ఘనపు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. వంద హెక్టార్లకు అది లక్ష ఘనపు మీటర్లు. ఇక కేంద్ర జలసంఘం తన కేంద్రాల్లో సీసా దించి పట్టే ఒండ్రు నీటిలో తేలుతూ పోయేది మాత్రమే. అడుగున దొర్లుతూ పాకుతూ పోయే ముతక ఇసుక ఆ సీసాలో పడదు. దాన్ని ఫలానా శాతం అని అంచనాగా కలుపుకోవడమే మన దేశంలో వాడుక. కాబట్టి రేణువు సైజే ఆధారంగా వేసే లెక్కలో తప్పు దొర్లితే సరిదిద్దడానికి ఆ ముతక ఇసుకను నేరుగా పట్టి కొలిచిన అంకె పక్కన లేదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం డెల్టా. ఎగువన శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి జలాశయాలు ఒండ్రును పట్టేస్తున్నాయి. కృష్ణా డెల్టా తీరం వెనక్కి పోతోందని అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థ పరిశోధకులు 2009లోనే ప్రచురించారు. నాగాయలంక, హంసలదీవి వైపు సముద్రం దగ్గరికి వస్తుంటే, నదీగర్భం లోతైనకొద్దీ ఉప్పునీరు ఇంకా పైకి ఎగబాకుతుంది. ఒడ్డున ఉన్న బోర్లలో నీటిమట్టం నది అడుగుతోపాటే దిగుతుంది. లంక భూముల అంచులు విరిగి నీళ్ళలో పడతాయి. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్రమ ఇసుక తవ్వకాల మీద రాష్ట్రాన్ని 100 కోట్లు జమచేయమన్నది. 2024 జులైలో ఉచిత ఇసుక విధానం వచ్చింది. పేదవాడి ఇంటికి ఇసుక అందాలన్నది న్యాయమైన కోరికే, అందులో నాకు రెండో మాట లేదు. ప్రభుత్వాలు మారినా విధానాలు మారినా, ఏటా ఎంత ఇసుక వస్తోందన్న ప్రశ్న మారదు. దానికి జవాబు ఒక గుప్పెడు ఇసుక మీద ఆధారపడి ఉన్నంతకాలం అక్రమం ఏదో సక్రమం ఏదో చెప్పడం కూడా కష్టమే.

మీరు చేయగలిగింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. అయిదు జిల్లాలకూ ఒకే పద్ధతి పెట్టండి. ఇప్పుడు నది మధ్య గీత దగ్గర ఒక జిల్లా ముగిసి ఇంకోటి మొదలవుతుంది, ఒకే తిప్ప అటు సగం ఒకరి నివేదికలో, ఇటు సగం ఇంకొకరి నివేదికలో పడుతుంది. ఒడ్డు నుంచి ఒడ్డుకు అడ్డంగా గీతలు నిర్ణయించి, ఆ గీతల మీద సమాన దూరాల్లో, పొడి మేట మీదా నీటి అడుగునా కూడా తీయించండి. తిప్ప తల, నడుమ, తోక, పాయ లోతు విడివిడిగా ఉండాలి. పైపొర వేరు, కింది పొర వేరు. చోటును నమూనా తీసేవాళ్ళ ఇష్టానికి వదలకండి, ముందే కాగితం మీద గుర్తించి ఇవ్వండి. కొన్ని చోట్లయినా ఒకరికొకరు చెప్పుకోకుండా రెండు బృందాల చేత తీయించండి. ఆ రెండు ఫలితాల మధ్య తేడాయే మన తప్పు ఎంతో చెబుతుంది. దానికి మించిన కొలబద్ద లేదు.

నివేదికలో డి-50 ఒక్కటే కాకుండా జల్లెడవారీ పట్టిక మొత్తం పెట్టండి. చోటు, తేదీ, ఆ రోజు నీటిమట్టం, లోతు, బరువు, పద్ధతి పక్కనే ఉండాలి. ఆపైన అంకెకు రెండు కొసలూ రాయండి. తవ్వకం లెక్కకు ముతక కొస, కట్టడాల లెక్కకు సన్న కొస వాడమని ఒక్క వాక్యం ఉత్తర్వులో చేర్చండి.

మనుషులకు కొదవ లేదు. డెల్టాలో సివిల్ ఇంజనీరింగ్ చెప్పే ప్రతి కళాశాలలోనూ 4.75 మిల్లీమీటర్ల నుంచి 150 మైక్రాన్ల దాకా జల్లెళ్ళ వరస ఉంటుంది. వాటిని పిల్లలు పరీక్ష కోసం ఒక్కసారి ఊపి మళ్ళీ అలమరలో పెడతారు. ఆ పిల్లలకు నది మీద నిజమైన పని ఇవ్వండి. పడవ నడిపేవాళ్ళనూ లంక రైతులనూ వెంట పంపండి. అడుగు ఎక్కడ మారిందో వాళ్ళకు తెలిసినట్టు మ్యాపుకు తెలియదు.

అన్నిచోట్లా ఒకేసారి మొదలుపెట్టడం కష్టమనుకుంటే, వచ్చే నైరుతికి ముందు తోట్లవల్లూరు దగ్గర ఒక అడ్డగీత, ముక్త్యాల దగ్గర ఒక అడ్డగీత, ఈ రెండిటితో మొదలుపెట్టండి. ఒకటి ఇసుక, ఒకటి గులక. వరద తీసిన తర్వాత అవే గీతల మీద మళ్ళీ తీయించండి. ఆ నాలుగు పట్టికల్నీ ముసాయిదాతోపాటు 21 రోజులూ వెబ్‌సైటులో ఉంచితే, చదివి, లెక్కలు సరిచూసి, రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వడానికి నేనూ నాతో పనిచేసినవాళ్ళూ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
మట్టి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక విజయవాడ పౌరుడు
కృష్ణలంక, విజయవాడ